గుజ్జనగూళ్ళ బడి

పిల్లవాడు బడికి పోతే చదువుకొంటున్నాడంటాము. మంచం మీద పడుకొంటే విశ్రాంతి తీసుకొంటున్నాడంటాము. ఇసుకలో కూర్చుని ఆడుకొంటూ వుంటే మాత్రం "పనీ పాటా లేకుండా వున్నాడు" అంటాము. ఈ మాట మన ఇళ్ళలో ఎంత అలవాటై పోయిందంటే దానిని ఎవరూ మాటగానే లెక్కచేయరు. కాని మూడు నాలుగేళ్ళ వయస్సులో ఆటను మించిన పని లేదు. పెద్దలకు ఆట వేరు, పని వేరు; ఆ వయస్సు వారికి ఆ తేడా ఇంకా పుట్టనే లేదు. గ్లాసులో నీళ్ళు పోసి, ఒలకబోసి, మళ్ళీ పోసే పిల్ల మొహంలోకి ఒకసారి చూడండి. ఆఫీసులో లెక్కలు చూచుకొనే గుమాస్తా మొహంలో కూడ అంత శ్రద్ధ కనబడదు.

ఇప్పుడీ సంగతి ఎత్తుకోవడానికి కారణం వున్నది. బడుల్లో చేర్చుకొనే రోజులు వచ్చేసరికి చెన్నపట్నంలోనైనా, బెంగుళూరులోనైనా, షోలాపూరులోనైనా, బరంపురంలోనైనా మన కుటుంబాల్లో ఒక కలవరం బయలుదేరుతుంది. మూడేళ్ళు నిండీ నిండని బిడ్డకు ఇంగ్లీషు అక్షరాలు 26 వచ్చునా, నూరు దాకా అంకెలు చెప్పగలదా, రంగుల పేర్లు తెలుసునా అని తల్లులు ఒకరినొకరు అడుగుకొంటారు. ప్రక్కింటి పిల్ల గడగడ చెప్పేస్తున్నదని వింటే ఆ రాత్రి ఇంట్లో నిద్ర వుండదు. మరునాటి నుంచి పెన్సిలు, నోటుబుక్కు ప్రత్యక్షమౌతాయి. తాతగారు కూడ ఈ పరుగులో చేరి, మనుమరాలు లక్కపిడతలు ముందు వేసుకొని కూర్చుంటే, "ఇక చాల్లే తల్లీ, కాస్త ఏ బీ సీలు వ్రాద్దాం రా" అని పిలుస్తారు. ఆయన ప్రేమతోనే పిలుస్తారు. అయినా ఆ క్షణాన ఆ పిల్ల చేస్తున్న చదువును ఆపించి, అంతకంటె తక్కువ చదువుకు కూర్చోబెట్టుతున్నారని మా అభిప్రాయం. అంత పెద్దమాట అన్న తరువాత, ఎందుకో చెప్పవలసిన పూచీ మాది.

గుజ్జనగూళ్ళు అనే పేరు కొత్త తరం వారు విని వుండకపోవచ్చు. పిల్లలు ఉత్తుత్తి వంట వండుకొని, ఉత్తుత్తి విందు చేసుకొనే ఆట అది. మన లక్కపిడతలను తమిళుల ఇళ్ళలో చొప్పు సామాన్లంటారు. మరాఠీవారు ఆ ఆటనే భాతుకలీ అంటారు. ఒక సాయంత్రం అరుగు మీద గాని, అపార్టుమెంటు మెట్ల దగ్గర గాని నలుగురు పిల్లలు ఈ ఆటలో వున్నప్పుడు, పెద్దలు కొంచెం దూరాన నిలబడి, నోరు మెదపకుండా చూడాలి. ఇసుక అన్నమౌతుంది. ఆకులు కూర. ఇటుక పొడి కారం. ఒక పిల్ల అమ్మ, ఒకడు నాన్న, అందరికంటె చిన్నవాడు చంటిబిడ్డ (పాపం, వాని ఇష్టాన్ని ఎవరూ అడగరు). ఇంతలో చుట్టాలు వస్తారు. "రండి వదినగారూ, రండి, కూర్చోండి, పిల్లలను తీసుకురాలేదేం?" అని అమ్మ పలుకరిస్తుంది. అన్నం ఇంకా వుడకలేదు గనుక చుట్టాలు ఆగాలి. చంటిబిడ్డ ఆకలని ఏడవాలి, నవ్వు ముంచుకొస్తున్నా ఏడవాలి. ఎవరైనా ఇసుకను నిజంగా నోట్లో పెట్టుకొంటే ఆట చెడుతుంది. అట్లాగని "ఇది ఇసుక గదా" అన్నా ఆట చెడుతుంది.

ఈ చివరి సంగతిలో ఎంత వున్నదో ఆలోచించండి. అది ఇసుక అని వాళ్ళకు తెలుసు. అది అన్నమని అందరూ ఒప్పుకొన్నారు. ఒక వస్తువు మరొక వస్తువుకు బదులుగా నిలబడగలదని పిల్లలు కనిపెట్టేది ఇక్కడే. మనం నేర్పాలని ఆత్రపడే అక్షరం మాత్రం ఏమిటి? కాగితం మీద ఒక వంకర గీత. ఒక ధ్వనికి బదులుగా నిలబడుతుంది. అంకె కూడ అంతే. ఇసుకను అన్నమనుకోగలిగిన పిల్లకు గీతను 'అ' అనుకోవడం పెద్ద వింత కాదు. ఆ అలవాటు పడకముందే గీతలు దిద్దించితే చేయి తిరుగుతుందేమో గాని, ఎందుకు దిద్దుతున్నదో ఆ పిల్లకు తెలియదు. రష్యా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లెవ్ విగోట్‌స్కీ (1896-1934) ఈ సంగతినే విస్తరించి చెప్పాడు. వ్రాతకు పూర్వరంగం ఉత్తుత్తి ఆటలోనే వున్నదని ఆయన సిద్ధాంతం.

ఆయన శిష్యవర్గంలోని వారు చేసిన ఒక పరిశోధన 1948లో వెలువడింది. పిల్లలను కదలకుండా నిలబడమన్నారు. ఊరకే నిలబడమంటే కొద్దిసేపటికే కాళ్ళూ చేతులూ ఆడించారు. "నీవు కాపలా సిపాయివి, నీవు కదిలితే ఎట్లా?" అని ఆటలో పెట్టి నిలబెడితే, నాలుగు మొదలు ఆరేళ్ళ దాకా వయస్సున్న వాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ సేపు నిలబడ్డారు. మరీ చిన్నవాళ్ళు, మూడేళ్ళవాళ్ళు, ఎట్లా అడిగినా నిలబడలేకపోయారు. మూడేళ్ళవాణ్ణి బల్ల దగ్గర కదలకుండా కూర్చోమని గద్దించే బడులవారు ఈ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవడం మంచిది. చుట్టాలు అన్నం వుడికేదాకా ఆగుతున్నారే, ఆ ఆగడమే నిగ్రహం. అది బెత్తానికి వచ్చేది కాదు.

ఇదంతా పరదేశాల వారు మనకు చెప్పవలసిన సంగతి కాదు సుమా. ఏడెనిమిది వందల యేళ్ళ కిందటి పాల్కురికి సోమనాథుడు తన కావ్యాల్లో పిల్లల ఆటల పేర్లను గుదిగుచ్చి పెట్టాడు. అచ్చనగండ్లు, ఓమనగుంటలు వంటి పేర్లు మన సాహిత్యంలో నాటినుంచీ వున్నాయి. అచ్చనగండ్లను మనం అచ్చంగాయలు అంటాము, ఓమనగుంటలే వామనగుంటలు. కవి మెచ్చిన ఆటను బడిపంతులు మెచ్చడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

బడిలోకి ఆటను మొదట తీసుకొనివచ్చిన వారిలో ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ ముఖ్యుడు. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బుర్గులో చిన్నపిల్లలకని ఒక సంస్థను పెట్టి, 1840లో దానికి కిండర్ గార్టెన్ అని పేరుంచాడు. పిల్లల తోట అని దాని అర్థం. ఉన్ని బంతులు, కర్ర గుండు, కర్ర దిమ్మెలు ఆయన పాఠ్యగ్రంథాలు! ప్రష్యా ప్రభుత్వం 1851లో ఆ బడులను నిషేధించింది. మరుసటి యేడే ఆయన కన్నుమూశాడు. 1860లో గాని నిషేధం తొలగలేదు. ఆడుకొనే పిల్లలను చూచి ఒక ప్రభుత్వం భయపడిందంటే నవ్వు వస్తుంది. ఈనాడు నిషేధం లేదు. కిండర్ గార్టెన్ అనే బోర్డు వీధి వీధికీ వున్నది, లోపల తోట మాత్రం లేదు.

మేడం మాంటిసోరీ మన మధ్యకు వచ్చి కొన్నేళ్ళు వున్న మనిషి. 1939లో దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానం మీద అడయారుకు వచ్చి, తాటాకు పాకల్లో సుమారు 300 మందికి శిక్షణ యిచ్చారు. మరుసటి యేడు ఇటలీ యుద్ధంలో దిగడంతో ఆమె శత్రుదేశస్థురాలయ్యారు. తిరిగి పోవడానికి వీలులేక కొంతకాలం కొడైకెనాలులో వుండి, 1946 దాకా ఈ దేశంలోనే గడిపారు. మన తమిళనాడు చదువరులలో ఆమె శిష్యురాండ్ర దగ్గర చదువుకొన్న వారు వుండవచ్చు. ఒక్క విషయంలో మేము ఆమెతో ఏకీభవించము. ఉత్తుత్తి వంట కంటె నిజమైన పని మేలని ఆమె మతం: పిల్లకు చిన్న చీపురిచ్చి నిజంగానే వూడ్వనివ్వాలి, చిన్న చెంబు యిచ్చి నిజంగానే నీళ్ళు పోయనివ్వాలి. ఆ పనులు మంచివే, మన ఇళ్ళలో పిల్లలు వాటికోసం మారాం చేస్తారు కూడ. కాని అందుకని ఇసుక అన్నాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. అయితే ఆమె పేరును ఎవరైనా తమ బోర్డు మీద వ్రాసుకోవచ్చు, అడ్డుపెట్టే చట్టం లేదు. బోర్డు చూచి మోసపోకుండా లోపలికి వెళ్ళి, పిల్లలు నేలమీద వున్నారో బెంచీల మీద వున్నారో చూచి రావాలి.

మన దేశంలో ఈ పనికి జీవితాలు ధారపోసిన వారిద్దరిని మహారాష్ట్రలోని మన వారికి ప్రత్యేకంగా జ్ఞాపకం చేస్తున్నాము. గిజుభాయి బధేకా గుజరాతులో వకీలు వృత్తి విడిచిపెట్టి, 1920లో భావనగరులో బాలమందిరం తెరిచారు. "మీసాల అమ్మ" అని ఆయనకు ముద్దు పేరు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీకి వచ్చి, తరువాత కోస్బాడు కొండ మీద వార్లీ గిరిజనుల పిల్లలకు బడి పెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ ముంగిలికి వెళ్ళింది. గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్ళు సామగ్రి. ముంగిలి బడి కనుక 'అంగన్‌వాడి' అన్నారు. ఆ మాటే దేశమంతటా పాకింది. 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో కేంద్ర ప్రభుత్వపు శిశు అభివృద్ధి పథకం ప్రారంభమైనప్పుడు, దాని కేంద్రాలకు అదే పేరు నిలిచింది. మధ్యతరగతి వారమని మనం అటువైపు తొంగిచూడము. డబ్బు కట్టి చేర్పించే నర్సరీలలో దొరకని ఇసుక కుప్ప, కథ చెప్పే ఆయమ్మ కొన్ని అంగన్‌వాడీలలో దొరుకుతాయి.

2020 నాటి జాతీయ విద్యావిధానం కూడ మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే మెట్టుగా తీసుకొని, ఆటల ద్వారా చదువు అన్నది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని ఆ పత్రంలో వ్రాశారు. ఈ లెక్కను చూపించే కొందరు, "అందుకే తొందరగా అక్షరాలు నేర్పాలి" అంటారు. ఆ పత్రం ఆ లెక్క చెప్పి అడిగింది ఆటలను, బొమ్మలను, మాతృభాషను.

ఇక లెక్కల సంగతి. చాలామంది ఇళ్ళలో అటక మీద ఒక వామనగుంటల పీట పడివుంటుంది. రెండు వరుసలు, వరుసకు ఏడు చొప్పున 14 గుంటలు. తమిళులకిది పల్లాంగుళి, కన్నడిగులకు అళిగుళి మణె. గుంటలో చింతగింజలు చేతిలోకి తీసుకొని, తరువాతి గుంటల్లో ఒక్కొక్కటే వదులుతూ పోవాలి. ఆట నేర్చిన పిల్ల కొన్నాళ్ళకు గింజలను లెక్కపెట్టడం మానేస్తుంది, చూచి చెప్పేస్తుంది. ఈ గుంటలో నాలుగున్నాయి, అక్కడ ఆగితే అవతల గుంట నాది అని ముందుగా చూచుకొంటుంది. కూడికకు, తీసివేతకు, పంచడానికి ఇంతకంటె మంచి పీట ఎవరూ చేయలేదు. నూరు దాకా అంకెలు వల్లించే పిల్లకు ఏడు గింజలిచ్చి, "ఇంకొక్కటి వేస్తే ఎన్ని?" అని అడగండి. వల్లించడం వేరు, తెలియడం వేరు అని ఆ ఒక్క ప్రశ్నతో తేలుతుంది.

వైకుంఠపాళి కూడ ఇటువంటిదే. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిన పరిశోధన ఒకటున్నది. పేద కుటుంబాల పిల్లలతో ఒకటి నుంచి పది దాకా గళ్ళు గీసిన పటం ఆడించారు. ఒక్కొక్కసారి 15 నుంచి 20 నిమిషాలు, రెండు వారాల్లో 4 సార్లు, అంతే. ఏ అంకె పెద్దదో, ఏది ఎక్కడ వుంటుందో ఆ పిల్లలకు బాగా తెలిసివచ్చింది, 9 వారాల తరువాత చూచినా ఆ తెలివి పోలేదు. గళ్ళలో అంకెలకు బదులు రంగులు వేసిన పటంతో ఆడిన పిల్లలకు ఆ లాభం కలుగలేదు. పాము మింగితే ఎన్ని గళ్ళు దిగామో మన తాతలు నవ్వుతూ లెక్కపెట్టించేవారు. ఆ లెక్కపెట్టించడమే అసలు పాఠమన్నమాట.

ఆటను మరీ ఆకాశానికి ఎత్తుతున్నామని అనుకోకండి. ఢిల్లీలో 214 శిశు పాఠశాలల్లో 1,540 మంది పిల్లలతో లెక్కల ఆటలు ఆడించి చూచిన పరిశోధన 2017లో అచ్చయింది. తరువాత నోబెల్ బహుమానం పొందిన ఎస్తేర్ డఫ్లో అందులో ఒకరు. ఆ ఆటల వల్ల పిల్లలకు ఎక్కువ తక్కువలు, ఆకారాలు పసికట్టే నేర్పు పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. కాని ఒకటో తరగతిలో అంకెలు, గుర్తులు నేర్చుకోవడంలో వారు మిగతా వారికంటె ముందుకు పోలేదు. అంటే గింజకూ అంకెకూ మధ్య వంతెన ఎవరో ఒకరు వేయాలి. "ఇవి నాలుగు గింజలు, నాలుగును ఇట్లా వ్రాస్తారు" అని ఆడుతూ ఆడుతూ చూపించేవారు కావాలి. పిల్లలను ఆటకు వదిలేసి మన పని మనం చూచుకొంటే చాలదు, ఒకరు ప్రక్కన కూర్చోవాలి. ఆట లాక్కోకుండా కూర్చోవాలి.

చేతి సంగతి కూడ చూడండి. మణికట్టులో 8 చిన్న యెముకలుంటాయి. బిడ్డ పుట్టినప్పుడు అవన్నీ మెత్తని మృదులాస్థి. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ, ఆఖరుదానికి పది పన్నెండేళ్ళు వస్తాయి. అటువంటి చేతికి పెన్సిలు కంటె ముందు పిండిముద్ద కావాలి. చపాతీ పిండిలో చిన్న ముద్ద చేతికిస్తే పిల్లలు పామును చేస్తారు, వుండ్రాళ్ళు చేస్తారు. అచ్చంగాయలు ఎగరవేసి పట్టే అయిదారేళ్ళ పిల్ల కంటికీ చేతికీ కుదిర్చే పొందిక ఏ కాపీపుస్తకమూ కుదర్చదు. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద నిలబడడం, దాగుడుమూతల్లో పరుగెత్తడం, ఇవన్నీ వొంటికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం, మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాడుతూ వుండాలి, అందులో 60 నిమిషాలు రొప్పు వచ్చేట్టు ఆడాలి. తెర ముందు కూర్చోవడం గంటకు మించరాదు, యేడాది లోపు బిడ్డకు తెర అసలే వద్దు. సెల్ ఫోను చూపించి అన్నం తినిపించే ఇళ్ళవారికి ఈ లెక్క చెప్పి నొప్పించక తప్పడం లేదు.

ఇంతవరకు చెప్పినది ఏ భాషవారికైనా వర్తిస్తుంది. ఇక చెప్పబోయేది మనకు, తరతరాలుగా తెలుగుదేశానికి వెలుపల స్థిరపడిన వారికి. యానాంలోని మన చదువరులకు వీధిలో కూడ తెలుగే గనుక ఈ బాధ లేదు. మిగతా చోట్ల వీధిలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో, బడిలో ఇంగ్లీషు. మన పిల్లకు తెలుగు ఎప్పుడు? అన్నం దగ్గర, నిద్రపుచ్చేటప్పుడు, ఆటలో. అన్నం దగ్గర మాటలు "తిను, త్వరగా తిను" అనేంతవరకే. మిగిలింది ఆట. "రండి వదినగారూ" అని పలుకరించిందే, ఆ పిల్లకు గౌరవ వాచకం ఎవరు నేర్పారు? వదిన, మరదలు, వియ్యపురాలు, బొమ్మల పెళ్ళిలో ఈ వరసలన్నీ తిరుగుతాయి. ఇంగ్లీషు నర్సరీలో అందరూ ఆంటీలే. గుంట, పిడత, గచ్చకాయ, బొంగరం అనే మాటలు ఆట పోతే వాటితో పోతాయి. ఏ వాచకమూ వాటిని బ్రతికించలేదు.

పిల్లల ఆట మాటలను ఎంతదూరం మోసుకొని పోగలదో మరాఠీవారి విటీ దాండూ చూస్తే తెలుస్తుంది. మనం గోటీబిళ్ళ అనే ఆటే అది. దానిలో దెబ్బలను లెక్కించే పాత మాటలు వకట్, లెండ్, మూండ్, నాల్. మళ్ళీ ఒకసారి పైకి చదవండి: ఒకటి, రెండు, మూడు, నాలుగు! మరాఠీలో అంకెలు వేరే వున్నాయి, అయినా మైదానంలో మాత్రం మన అంకెలు. ఏ సభలూ, ఏ తీర్మానాలూ లేకుండా మట్టి కాళ్ళ పిల్లలు ఈ పని చేశారు.

వీధి పిల్లలతో ఆడితే భాష కలగాపులగమౌతుందని కొందరు అమ్మలు భయపడతారు. ఆ భయం వద్దు. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు మాటలు కలిపి మాట్లాడడం సహజం, కాలక్రమాన ఏ భాష ఎవరితోనో వాళ్ళే తెలుసుకొంటారు. కన్నడ పిల్లతో కుంటెబిల్లె ఆడి వచ్చి, జేజితో అదే ఆట తొక్కుడుబిళ్ళగా ఆడితే నష్టమేమీ లేదు, లాభం రెండింతలు. పోగొట్టుకొనేది ఇంట్లో ఆడేవాళ్ళు లేనప్పుడే. చుట్టూ ఒక భాష ఎంత వున్నా, ఆ భాషలో తనతో ఆడేవారు లేకపోతే పిల్ల దానిని వింటుందే గాని పలుకదు. అమ్మమ్మ తెలుగులో అడిగితే మనుమడు ఇంగ్లీషులో జవాబు చెప్పే ఇళ్ళు మనలో ఎన్ని పెరిగాయో చదువరులకు తెలియనిది కాదు.

తల్లిదండ్రుల ఇబ్బందులు మాకు తెలియకపోలేదు. ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. ఇల్లు రెండు గదులు. కింద కార్లు నిలిపే చోట ఆడితే వాచ్‌మన్ అరుస్తాడు. ఆరో యేట ఒకటో తరగతిలో చేరేసరికి మిగతావారు వ్రాసేస్తూ వుంటారు, మన పిల్ల వెనకబడదా అనే బెదురు అన్నిటికంటె పెద్దది. ఆ బెదురుకు మా జవాబు ఒక్కటే: చేయి కుదిరి, గీతకు అర్థమున్నదని తెలిసిన పిల్ల అయిదారేళ్ళప్పుడు కొద్ది నెలల్లో నేర్చేదానిని, మూడేళ్ళప్పుడు రెండేళ్ళపాటు ఏడిపించి నేర్పడంలో మిగిలేది చదువంటే విసుగు.

ఖర్చు మాటకు వస్తే, ఆటకు పెద్ద ఖర్చు లేదు. మూతలు, గరిటెలు, ఖాళీ అట్టపెట్టె, పాత చీర వుంటే ఒక ఆదివారం గడుస్తుంది. కొనదలచుకొంటే కర్ర బొమ్మలు కొనండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్కపూసి చేసే బొమ్మలున్నాయి. కర్ణాటకంలోని చన్నపట్నం బొమ్మలకూ అదే జాతి కర్ర, అదే లక్క. బెంగుళూరు, మైసూరు వారికి అవి దారిలోనే దొరుకుతాయి. 2021 జనవరి నుంచి కర్మాగారాల్లో తయారయ్యే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి, ప్లాస్టిక్ బొమ్మ కొనేటప్పుడు ఆ గుర్తు చూడండి. మరొక జాగ్రత్త. మూడేళ్ళలోపు పిల్లలకు గింజలు, గోళీలు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. మన ముసలమ్మలు వామనగుంటలకు గురివింద గింజలు కూడ వాడేవారు. చూడముచ్చటగా వుంటాయి గాని, కొరికి మింగితే ప్రాణం తీసే విషం. పీటతో పాటు ఆ గింజల డబ్బా దొరికితే, పీట వుంచుకొని గింజలు పారవేయండి.

మన తెలుగు సంఘాలు చాలాచోట్ల ఆదివారం తెలుగు తరగతులు నడుపుతున్నాయి. ఓపికగల వారు, జీతం లేకుండా, ఎండకు వానకు వచ్చి చెబుతున్నారు, వారికి నమస్కారం. ఆరేళ్ళు దాటిన వారికి ఓనమాలు దిద్దించడం సరే. అయిదేళ్ళ లోపు వారిని కూడ అదే గదిలో కూర్చోబెట్టి దిద్దించడం వల్ల, వారమంతా బడి, ఆదివారం కూడ బడి అని పిల్లలు తెలుగును చూస్తేనే పారిపోతున్నారు. ఆ చిన్నవారికి వేరే ఒక చాప వేయించండి. పలక వద్దు, పుస్తకం వద్దు. లక్కపిడతలు, గవ్వలు, రెండు వామనగుంటల పీటలు, ఒక బుట్టెడు గుడ్డ బొమ్మలు. చదువు చెప్పేవారు దొరకరని సంఘాలవారు అంటూ వుంటారు. ఈ చాపకు బి.ఇడి. చదివిన వారు అక్కరలేదు. ఇంట్లో పొద్దుపోక కూర్చునే నాయనమ్మలు, అవ్వలు, తాతలు మన సంఘాలలో ఎందరో వున్నారు. వారానికి గంటన్నర వచ్చి పిల్లలతో తెలుగులో ఆడమంటే కాదనేవారుండరు. మగపిల్లలను కూడ వంట ఆటలో కూర్చోనివ్వండి. ఈ రోజుల్లో వాళ్ళకు ఆ విద్య చాలా అవసరం.

ఇందుకు పనికివచ్చేటట్లు, ఆయా ఊళ్ళలోని మన వాళ్ళు ఆడే ఆటల వివరాలు ఈ పత్రికలో ప్రకటించదలచాము. హోసూరులో వామనగుంటలకు గుంటకు ఎన్ని గింజలు వేసేవారు, బళ్ళారిలో ఎన్ని, పర్లాకిమిడిలో అచ్చంగాయలు అయిదింటితో ఆడేవారా ఏడింటితోనా, షోలాపూరు పద్మశాలీల వాడల్లో గోటీబిళ్ళకు లెక్క ఏ భాషలో చెప్పేవారు, ఇవన్నీ పెద్దవారిని అడిగి, ఒక కార్డు ముక్క మీదనైనా సరే, ఆట పేరు, ఆడే పద్ధతి, గింజల లెక్క స్పష్టంగా వ్రాసి పంపించండి. వ్రాయడానికి చూపు ఆనని అవ్వలు చెబుతూ వుంటే మనుమలు వ్రాసి పంపినా వేసుకొంటాము.